వక్రం కింద ఎన్ని గళ్లు?

అక్క ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. తమ్ముడు ఎంట్రన్స్ కోచింగ్‌లో లెక్కలు చెబుతాడు. ఇద్దరికీ పాఠమంటే ప్రాణమే, చెప్పే తీరు దగ్గరే పడదు. అక్క దిద్దుతున్న ప్రయోగం కాగితాల మీద మొదలైన వాదన ఇది. ప్రయోగం చిన్నది. 10 వోల్టుల సప్లై, 100 కిలోఓమ్‌ల నిరోధం, 1000 మైక్రోఫారడ్ అని ముద్ర ఉన్న ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్, 0–100 మైక్రోఅమ్మీటర్, స్టాప్‌వాచ్. స్విచ్చి వేయగానే ముల్లు 100కి ఎగబాకి, మెల్లమెల్లగా దిగుతుంది. పది నిమిషాల పాటు రీడింగులు రాసుకుని, కరెంటుకూ కాలానికీ గ్రాఫు గీసి, వక్రం కింద వైశాల్యంతో కెపాసిటర్‌లో చేరిన ఆవేశం చెప్పాలి. అడ్డంగా సెంటీమీటరుకు 10 సెకన్లు, నిలువుగా సెంటీమీటరుకు 10 మైక్రోఆంపియర్లు. అంటే ఒక్కో పెద్ద గడి విలువ 100 మైక్రోకూలుంబులు.

తమ్ముడు: అక్కా, ఈ అమ్మాయి మూడు గ్రాఫు కాగితాలు అతికించి మరీ గళ్లు లెక్కపెట్టింది. నిండు గడి, అర గడి, పావు గడి! ఆవేశం అంటే కెపాసిటెన్స్ ఇంటూ వోల్టేజీ అని ఒక్క లైను రాస్తే పోయేదానికి ఇంత శ్రమా? వెయ్యి ఇంటూ పది, పదివేల మైక్రోకూలుంబులు. అయిపోయింది.

అక్క: ఆ అమ్మాయికి ఎంతొచ్చింది?

తమ్ముడు: 114 గళ్లు. అంటే 11,400. పద్నాలుగు శాతం తప్పు.

అక్క: తప్పు అమ్మాయిదేనని ఎందుకనుకున్నావు? ఒంటి మీద 1000 అని అచ్చువేసినంత మాత్రాన లోపల వెయ్యే ఉండాలని లేదురా. ఈ రకం కెపాసిటర్లకు ఇరవై శాతం అటూ ఇటూ మామూలు. 800 ఉన్నా, 1200 ఉన్నా తయారుచేసినవాడు మాట తప్పినట్టు కాదు. నీ ఒక్క లైను ఆ ముద్ర గురించి చెప్పింది. ఆ అమ్మాయి ఆ పూట ఆ తీగలో పారినదాన్ని లెక్కపెట్టింది.

తమ్ముడు: సరే, ముద్రను నమ్మొద్దు. కెపాసిటెన్స్ కొలిచే మీటరు పెట్టి అసలు విలువ తెలుసుకో. దాన్ని సూత్రంలో వెయ్యి. అప్పుడూ గళ్ల అవసరం లేదు కదా.

అక్క: ఆ మీటరు లోపల ఏం జరుగుతోందనుకున్నావు? చాలా మీటర్లు కెపాసిటర్‌లోకి తెలిసిన కరెంటు పంపి, వోల్టేజీ ఎంతసేపట్లో ఎంత పెరిగిందో చూస్తాయి. నిలకడగా ఉన్న కరెంటును కాలంతో గుణించడమంటే దీర్ఘచతురస్రం వైశాల్యం కట్టడమే. నువ్వు గళ్లను తప్పించుకోలేదు, వాటిని ఒక డబ్బాలో పెట్టి మూత వేశావంతే.

తమ్ముడు: నీ మాట ప్రకారం ఆవేశానికి వైశాల్యమే మూలం అన్నమాట. అదీ పాతబడింది. 2019 మే 20 నుంచి ప్రమాణాలు మారాయి. ఎలక్ట్రాన్ మీది ఆవేశానికి ఒక విలువ కట్టేసి, దాని నుంచి కూలుంబునూ ఆంపియర్‌నూ తెస్తున్నారు. ఇప్పుడు ఆవేశమంటే ఎలక్ట్రాన్ల లెక్క. కరెంటును కాలంతో గుణించగా వచ్చేది కాదు.

అక్క: ఏది ముందు, ఏది వెనక అన్నది మారింది. రెండింటి మధ్య బంధం మారిందా? సెకనుకు ఒక కూలుంబు దాటితే ఒక ఆంపియర్ అన్నది అప్పుడూ ఇప్పుడూ ఒకటే. ఎలక్ట్రాన్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టే సాధనం ఇంటర్ ల్యాబులో లేదు. అమ్మీటరూ గడియారమూ ఉన్నాయి. వాటితో ఆవేశాన్ని పట్టుకునే దారి ఒకటే. కాలాన్ని సన్నని పట్టీలుగా కోసి, ఒక్కో పట్టీలో కరెంటు దాదాపు మారలేదనుకుని, ఎత్తు ఇంటూ వెడల్పు కట్టి, అన్నీ కలపడం.

తమ్ముడు: దాన్నే సమాకలనం అంటారు, రోజూ నేను చెప్పేది అదే! కరెంటు వంద మైక్రోఆంపియర్ల నుంచి ఘాతీయంగా తగ్గుతోంది, కాల స్థిరాంకం వంద సెకన్లు. సమాకలనం చేస్తే మొదటి వంద సెకన్లలో చేరిన ఆవేశం 6321 మైక్రోకూలుంబులు అని నాలుగు అంకెల దాకా తేలుతుంది. అదే నీ పట్టీలు? ఇరవై సెకన్లకొకటి చొప్పున సమలంబ చతుర్భుజాలు వేసి చూడు. ఎత్తులు 100, 81.9, 67, 54.9, 44.9, 36.8. మొదటిదీ చివరిదీ సగం చేసి, మధ్యవి మొత్తం తీసుకుని కలిపితే 317.1. ఇరవైతో గుణిస్తే 6342. ఎంత జాగ్రత్తగా చేసినా ఇరవయ్యొకటి ఎక్కువే వస్తుంది, ఎందుకంటే ఈ వక్రం కిందికి కుంగి ఉంటుంది. రెండు బిందువులను కలిపే గీత ఎప్పుడూ దాని పైనే పోతుంది.

అక్క: ఎటు వైపు తప్పుతుందో కూడా చెప్పావు, అది పిల్లలకు చెప్పాల్సిన మాట. అయితే ఆ ఇరవయ్యొకటి మూడో వంతు శాతం. ముల్లు చూసే కంట్లోనే అంతకంటే ఎక్కువ తేడా ఉంటుంది. పైగా నీ 6321 వచ్చింది కరెంటు ఘాతీయంగానే తగ్గుతుందని ముందే ఒప్పుకున్నావు కాబట్టి. నిరోధం మారకుండా ఉంటేనే ఆ ఒప్పందం నిలబడేది. నిరోధం తీసేసి పెద్ద కెపాసిటర్‌కు టార్చి బల్బును జత చెయ్యి. టంగ్‌స్టన్ తీగ నిరోధం చల్లగా ఉన్నప్పటికీ తెల్లగా వెలుగుతున్నప్పటికీ దాదాపు పది రెట్లు తేడా. అప్పుడొచ్చే వక్రానికి నీ దగ్గర సూత్రం ఉందా?

తమ్ముడు: వక్రానికి లేదు. ఆవేశానికి ఉంది. ఏ క్షణంలోనైనా కెపాసిటర్ మీద వోల్టేజీ కొలిచి, కెపాసిటెన్స్‌తో గుణిస్తాను. మధ్యలో బల్బుంటే నాకేం, నిరోధముంటే నాకేం?

ఇది గట్టి జవాబు. గళ్ల పక్షం వాళ్లు చాలామంది ఇక్కడే తడబడతారు. అక్క కాసేపు ఆలోచించి అందుకున్న దారి నాకు ఈ మొత్తం సంభాషణలో అన్నిటికంటే విలువైనదిగా తోచింది.

అక్క: కెపాసిటర్‌లో ఆవేశం వోల్టేజీకి అనుపాతంలో ఉంటుందని నీకెవరు చెప్పారు?

తమ్ముడు: పుస్తకం.

అక్క: పుస్తకం రాసినవాడికి? ఆవేశాన్ని కెపాసిటెన్స్ ఇంటూ వోల్టేజీతో కనుక్కుని, అదే ఆవేశాన్ని వోల్టేజీతో భాగించి చూడు, కెపాసిటెన్స్ మారలేదు, సూత్రం నిజం అంటే ఏం రుజువైనట్టు? చుట్టూ తిరిగి మొదటికే వచ్చాం. ఆ అనుపాతం నిజమో కాదో పరీక్షించాలంటే ఆవేశం వేరే దారిన రావాలి. ఆ వేరే దారి ఈ వైశాల్యం. ఇరవయ్యో సెకను దాకా గళ్లెన్ని, అప్పటి వోల్టేజీ ఎంత. నలభయ్యో సెకను దాకా గళ్లెన్ని, అప్పటి వోల్టేజీ ఎంత. ఇలా జతలు రాసి ఇంకో గ్రాఫు గీస్తే సరళరేఖ వస్తుంది. దాని వాలే కెపాసిటెన్స్. నీ సూత్రం ఈ గళ్ల నుంచి పుట్టిందిరా.

తమ్ముడు: ఎప్పుడూ సరళరేఖే వస్తుంది కదా. ఒకసారి రుజువయ్యాక మళ్లీ మళ్లీ ఎందుకు?

అక్క: ఎప్పుడూ రాదు. ఫోన్లలో, ల్యాప్‌టాప్‌లలో వందల కొద్దీ అతికించే చిట్టి సిరామిక్ కెపాసిటర్లను తీసుకో. బేరియం టైటనేట్‌తో చేసే రకాల్లో వోల్టేజీ పెరిగే కొద్దీ కెపాసిటెన్స్ పడిపోతుంది. పూర్తి వోల్టేజీ దగ్గర ముద్రలో సగం కూడా మిగలని రకాలున్నాయి. అక్కడ నీ గుణకారం అబద్ధం చెబుతుంది. కరెంటు గ్రాఫు కింద గళ్లు లెక్కపెట్టినవాడికి మాత్రం ఏ ఇబ్బందీ లేదు. వాడు పదార్థం గురించి ఏమీ ఊహించలేదు కాబట్టి.

తమ్ముడు: నాకు తెలియని సంగతి. ఒప్పుకుంటున్నాను. కానీ అక్కా, నా ఎదురుగా కూర్చునే పిల్లలకు 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు. వాళ్లకు బేరియం టైటనేట్ చెప్పనా?

అక్క: చెప్పొద్దు. నీ ఎంట్రన్స్ పేపర్లోనే గ్రాఫు ప్రశ్నలొస్తాయి కదా, వాటి సంగతి చెప్పు. కరెంటు మూడు సెకన్లలో సున్నా నుంచి 4 మిల్లీఆంపియర్లకు తిన్నగా పెరిగి, తర్వాతి రెండు సెకన్లలో సున్నాకు దిగింది. ఎంత ఆవేశం?

తమ్ముడు: త్రిభుజం. పది మిల్లీకూలుంబులు. కానీ చాలామంది ఇరవై అంటారు, నాలుగు ఇంటూ అయిదు.

అక్క: ఎందుకంటారు? సూత్రం గుర్తుంది, గ్రాఫు కనిపించలేదు. ఇంకోటి అడుగు. ఈ ప్రయోగంలోనే 100 కిలోఓమ్‌లు తీసి 200 కిలోఓమ్‌లు పెడితే చేరే ఆవేశం పెరుగుతుందా, తగ్గుతుందా? సగం అవుతుందనేవాళ్లే ఎక్కువ. రెండు వక్రాలూ ఒకే కాగితం మీద గీయిస్తాను. ఒకటి వంద దగ్గర మొదలై గబగబా దిగుతుంది. ఇంకొకటి యాభై దగ్గర మొదలై నింపాదిగా వస్తుంది.

తమ్ముడు: రెండూ 139వ సెకను దగ్గర ఒకదాన్నొకటి దాటుకుంటాయి, రెండు వందలను రెండు సంవర్గమానంతో గుణిస్తే. అంతకు ముందు మొదటిది ఎంత ఎక్కువ మోసిందో, ఆ తర్వాత రెండోది సరిగ్గా అంతే మోస్తుంది. ఎత్తు సగమైతే వెడల్పు రెట్టింపు, వైశాల్యం మారదు. ఇది బాగుంది. నిరోధం నిర్ణయించేది ఎంతసేపు అన్నదే, ఎంత అన్నది కాదని ఒక్క బొమ్మలో తేలిపోయింది.

వైశాల్యం గురించి ఒక మాట కలపాలనిపిస్తోంది. 14వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో నికోల్ ఒరెమ్ వేగాలను నిలువు గీతలుగా నిలబెట్టి, అవి కప్పే చోటే నడిచిన దూరమని చూపాడు. న్యూటన్ సమాకలనానికి అది సుమారు మూడు వందల ఏళ్లు ముందు. సూత్రాలు ఇంకా పుట్టని రోజుల్లో బొమ్మ పని చేసింది. నిన్నమొన్నటి దాకా రసాయన శాస్త్రవేత్తలు క్రొమటోగ్రామ్ కాగితం మీది శిఖరాలను కత్తెరతో కత్తిరించి, తక్కెడలో తూచి వైశాల్యాలు తెలుసుకునేవారు. కాగితం ఒకే మందాన ఉంటే బరువే వైశాల్యం. చదరపు మీటరుకు 80 గ్రాముల కాగితమైతే ఈ 114 గళ్ల ముక్క 0.9 గ్రాముల చిల్లర తూగుతుంది, కాలేజీ ల్యాబులో ఉండే తక్కెడకు అందే బరువే. గళ్లు లెక్కపెట్టడానికి విసుక్కునే పిల్లల చేత ఇది చేయించి చూడవచ్చు.

తమ్ముడు: ఇక నా వంతు. అక్కా, ఈ గ్రాఫు చివరి నిమిషం చూడు. వక్రం దాదాపు అడ్డంగా పడుకుంది. కానీ సున్నా మీద కాదు, 2 మైక్రోఆంపియర్ల దగ్గర. కెపాసిటర్ నిండిపోయాక కూడా కరెంటు పారుతోందంటే అది లీకేజీ. ఒక పక్క ఎక్కి ఇంకో పక్క దిగిపోతున్న ఆవేశం. అదీ నీ 114 గళ్లలో కలిసింది. వైశాల్యం ఏమీ ఊహించదన్నావు. అమ్మీటర్ గుండా ఎంత పోయిందో అది చెప్పింది. కెపాసిటర్‌లో ఎంత మిగిలిందో నువ్వు ఊహించుకున్నావు.

అక్క: నిజమే. అందుకే ఆ 2 దగ్గర అడ్డగీత గీసి, దాని పైనున్న గళ్లే లెక్కపెట్టమంటాను. 600 సెకన్లకు రెండేసి చొప్పున 1200, అంటే 12 గళ్లు పోతే 102.

తమ్ముడు: ఎక్కువ తీసేశావు. స్విచ్చి వేసిన క్షణంలో కెపాసిటర్ మీద వోల్టేజీయే లేదు, లీకేజీ ఎక్కడిది? వోల్టేజీతో పాటే అదీ పెరుగుతూ వచ్చి చివరికి 2 అయింది. ఆ పెరిగే భాగాన్ని సమాకలనం చేస్తే, తీసేయాల్సిన కాలం 600 సెకన్లు కాదు, ఒక కాల స్థిరాంకం తక్కువ. ఈ గ్రాఫులో కరెంటు ఆ 2ని దాటి ఉన్న భాగం 98 నుంచి 36కి దిగడానికి 104 సెకన్లు పట్టింది. 600లో 104 పోతే 496. రెండేసి చొప్పున 992, పది గళ్లు. నిలవున్నది 104 గళ్లు. ఇంకోటి, ఆ 2 మైక్రోఆంపియర్లు 100 కిలోఓమ్‌లలో పారుతూ 0.2 వోల్టు అక్కడే వదిలేస్తాయి. కెపాసిటర్‌కు దక్కింది 9.8. 10,400ను 9.8తో భాగిస్తే 1060 మైక్రోఫారడ్లు.

ఇక్కడ తమ్ముడిదే పైచేయి అని నిర్మొహమాటంగా చెప్పాలి. గళ్లు లెక్కపెట్టడం ఒక్కటే చాలదు. ఏ గళ్లు ఎవరివో తేల్చడానికి లోపల ఏం జరుగుతోందన్న ఆలోచన కావాలి, ఆ ఆలోచనను అంకెల్లో పెట్టడానికి ఘాతీయ సూత్రం కావాలి. ఫోన్ బ్యాటరీలో మిగిలిన శాతాన్ని చూపే చిప్పులకూ ఇదే సంకటం. అవి చిన్న నిరోధం మీది వోల్టేజీ నుంచి కరెంటు కనిపెట్టి, క్షణక్షణం కూడుతూ పోతాయి. 5000 మిల్లీఆంపియర్ అవర్లంటే 18,000 కూలుంబులు, అదీ కరెంటు కాలం గ్రాఫు కింది వైశాల్యమే. కరెంటు కొలతలో ఒక్క మిల్లీఆంపియర్ స్థిరంగా తేడా ఉంటే చాలు, రోజు తిరిగేసరికి 24 మిల్లీఆంపియర్ అవర్ల తప్పు పేరుకుంటుంది. అందుకే బ్యాటరీ నిశ్చలంగా ఉన్నప్పుడు వోల్టేజీ చూసి ఆ కూడికను సరిదిద్దుకుంటారు. కూడిక తప్పుల్నీ కూడుతుంది.

అక్క: నీ సవరణ నాకు నచ్చింది. కానీ అది లీకేజీ వోల్టేజీకి సరిగ్గా అనుపాతంలో పెరుగుతుందన్న ఊహ మీద నిలబడింది. అల్యూమినియం ఎలక్ట్రోలిటిక్‌లో అలా ఉండాలని లేదు. చాన్నాళ్లు పక్కన పడేసినదైతే మొదట లీకేజీ ఎక్కువగా ఉండి, ఆక్సైడ్ పొర మళ్లీ కుదురుకునే కొద్దీ తగ్గుతుంది. అందుకే ప్రయోగానికి రెండో భాగం పెట్టాను. సప్లై తీసేసి, మీటరు తీగలు తారుమారు చేసి, అదే నిరోధం గుండా కెపాసిటర్‌ను ఖాళీ చేయించాను. ఈసారి తీగలో పారేదంతా కెపాసిటర్‌లో ఉన్నదే. బయటి నుంచి వచ్చేది చుక్క లేదు. ఆ అమ్మాయికి ఎంతొచ్చిందో వెనక కాగితం తిప్పు.

తమ్ముడు: అయిదు నిమిషాల దాకా 96 గళ్లు. అక్కడ రాయడం ఆపేసింది. అప్పటికి కరెంటు అయిదున్నర. మిగతాది నేను చెప్పనా? ఘాతీయ వక్రాన్ని ఎక్కడ ఆపినా, మిగిలిన తోక వైశాల్యం అక్కడి ఎత్తు ఇంటూ కాల స్థిరాంకం. అయిదున్నర ఇంటూ 104, అంటే 572. ఆరు గళ్లకు కాస్త తక్కువ. మొత్తం 102.

అక్క: నువ్వు చెప్పిన 104 కంటే రెండు తక్కువ.

తమ్ముడు: తక్కువే రావాలి! ఖాళీ అవుతున్నప్పుడూ లోపల లీకేజీ ఆగదు. 9.8 వోల్టులకు 2 మైక్రోఆంపియర్లంటే లీకేజీ దారి నిరోధం 4.9 మెగాఓమ్‌లు, బయటి దారికి 49 రెట్లు. యాభైలో ఒక వంతు మీటరు దాకా రాకుండా లోపలే పోతుంది, అంటే రెండు గళ్లు. కలిపితే 104. నిండేటప్పుడు వైశాల్యం ఎక్కువ చూపింది, ఖాళీ అయ్యేటప్పుడు తక్కువ చూపింది. అసలుది ఆ రెంటి మధ్య ఉంది.

అక్క: రెండు గ్రాఫులూ వేర్వేరు దారుల్లో వచ్చి ఒకే అంకె దగ్గర కలిశాయి కాబట్టి ఇప్పుడు నీ ఊహను కూడా నమ్ముతాను. తోక సంగతి మాత్రం అంత తేలిగ్గా ఒప్పుకోను. ఎలక్ట్రోలిటిక్‌ను ఖాళీ చేసి, కాళ్లు కలిపి, వదిలేసి కాసేపాగి చూడు, మళ్లీ కొంచెం వోల్టేజీ పుడుతుంది. కొంత ఆవేశం లోపలి పొరల్లో ఇరుక్కుని నెమ్మదిగా బయటికొస్తుంది. దాంతో అసలు తోక నీ ఘాతీయ తోక కంటే పొడుగ్గా సాగొచ్చు.

తమ్ముడు: సాగిందో లేదో కాగితమే చెబుతుంది. కరెంటు సగానికి తగ్గడానికి పట్టిన కాలాన్ని మూడు నాలుగు చోట్ల కొలవమను. ఈ గ్రాఫులో 98 నుంచి 49కి 72 సెకన్లు, అక్కడి నుంచి ఇరవై నాలుగున్నరకు ఇంకో 72. ప్రతిచోటా అంతే వస్తే నా తోక వాడొచ్చు. చివర్లో 72 కాస్తా 80, 90 అవుతుంటే వాడకూడదు.

అక్క: అప్పుడు పిల్లల్ని ఇంకాసేపు కూర్చోబెట్టి గళ్లే లెక్కపెట్టిస్తాను.

తమ్ముడు: నా క్లాసులో అంత టైముండదు. ఈ రెండో గ్రాఫును ప్రశ్నగా ఇస్తాను. నిరోధం చెప్పను, కెపాసిటెన్స్ చెప్పను. 300 సెకన్ల దాకా వక్రం ఇచ్చి, మీటరు గుండా పోయే మొత్తం ఆవేశం అడుగుతాను. నాలుగు ఆప్షన్లలో సరైనది ఒకటి. తోక మరిచిపోయినవాడికి 9,600 ఒకటి. మైక్రోను మిల్లీ అని చదివినవాడికి ఒకటి. నాలుగోది ఏం పెట్టాలో తోచడం లేదు.

అక్క: మొదటి బిందువు దగ్గర స్పర్శరేఖ గీసి, అది కాలాక్షాన్ని తాకే చోటికి త్రిభుజం కట్టేసేవాళ్లు ఏటా ఉంటారు. వాళ్లకొకటి పెట్టు.

తమ్ముడు: స్పర్శరేఖ 104 దగ్గర తాకుతుంది. 98 ఇంటూ 104లో సగం, దాదాపు 5,100. అరె, సరిగ్గా మొత్తంలో సగం! ఏ ఘాతీయ వక్రానికైనా అంతే వస్తుంది.

అక్క: 5,100 పెట్టు. జవాబులు చెప్పేటప్పుడు, సగమే ఎందుకొచ్చిందో అది రాసినవాళ్ల చేతే బోర్డు మీద గీయించు.